అమ్మ ఒక్కపొద్దులు

క్యారియర్ మూత తీయకూడదు. తీస్తే పితికిపప్పు వాసన వస్తుంది, ఆ వాసనకు అమ్మకు కడుపులో తిప్పుతుంది, అందుకే దాన్ని మంచం కింద మా చెప్పుల పక్కన పెట్టి పైన నా చున్నీ కప్పాను, అయినా అవ్వ వేసిన వెల్లుల్లి తిరగమోత ఏ సందులోంచో వస్తూనే ఉంది, లేదంటే అది నా ఆకలి వాసనేమో. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. నిద్ర కాదు. నిద్రపోతే అమ్మ కింది పెదవి కొంచెం జారుతుంది, ఇప్పుడు బిగిసి ఉంది. పైన వేలాడే సీసాలో ఇంకా సగం మందు ఉంది. అది అయిపోయేసరికి డాక్టరు వస్తారు, వచ్చి అడుగుతారు, ఇంకో మూడుసార్లు ఎక్కిద్దామా, ఇంతటితో ఆపేద్దామా అని. పోయినసారే చెప్పి పంపారు, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని రండి అని. అందరం కూర్చున్నాం. మాట్లాడుకోలేదు. నాన్న చామంతి మొగ్గలకు పట్టిన పేనుబంక గురించి చెప్పాడు, అవ్వ దాని మీద బూడిద చల్లమంది, నేను నానబెట్టిన అనపగింజలు ఒక్కొక్కటే పితుకుతూ పప్పును గిన్నెలోకి, తోలును చేటలోకి వేస్తున్నాను, అమ్మ గోడకు ఆనుకుని మా ముగ్గుర్నీ చూసి నవ్వింది. అంతే. పొద్దున తళి నుంచి వచ్చే బస్సులో నాన్న పూలమూటలు పైకి వేయించి, మా ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరక్కుండానే "నీ ఇష్టమేలే" అన్నాడు. అమ్మ "ఏంది నా ఇష్టం?" అంది. నాన్న టికెట్టు చిల్లర లెక్కపెట్టుకున్నాడు. నేను కిటికీ కడ్డీ పట్టుకుని, ఒప్పుకోమ్మా, ఒప్పుకో, అని ఆ కడ్డీకి చెప్పుకుంటూ హోసూరు దాకా వచ్చాను.

నాన్న పూల మార్కెట్టుకు పోయాడు, సీసా అయిపోయేదాకా రాడు. ఎద్దు కాలి పుండులో పురుగులు ఏరి కడిగే మనిషి, అమ్మ చేతిలోకి సూది దిగుతుంటే గోడ పట్టుకుని కూలబడ్డాడు, మొదటిసారి. అప్పుడు హేమావతి సిస్టరు "మీకూ ఒక మంచం వేసేదా అప్పా?" అంది, వార్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు, నాన్నా నవ్వాడు, ఆ తర్వాత ఎప్పుడూ లోపలికి రాలేదు. అప్పట్నుంచి నేనే వస్తున్నాను. నేనంటే బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా గట్టిగా పలకలేని దాన్ని, టీచరు రెండుసార్లు పిలిచి, తలెత్తి చూసి, ఉన్నావా అని అడిగే రకం. ఎవరితోనూ అనలేనివి డైరీలో రాసుకుంటాను, వానలు, కలలు, పక్క బెంచి పిల్ల నాతో మాట్లాడిందా లేదా అన్నది, కానీ లివరు అనే మాట మాత్రం ఆ డైరీలో కూడా రాయలేకపోయాను. హేమావతి సిస్టరు వచ్చినప్పుడల్లా "మీ పాప నోరు ఇంటికాడ పెట్టి మరిసిపోయి వచ్చిందా అమ్మా?" అంటుంది. అమ్మ ప్రతిసారీ ఒకటే జవాబు చెబుతుంది, "నోట్లో ముద్ద ఉంది సిస్టరూ, మింగినాక మాట్లాడతాది" అని. అది అవ్వ మాట. నా చిన్నప్పట్నుంచీ అవ్వ నన్ను అట్లాగే అనేది, ఇంటికి ఎవరైనా వచ్చి పలకరిస్తే నేను కంబం చాటుకు పోయి నిలబడేదాన్ని కాబట్టి.

ఆకలి. పొద్దున్నుంచీ నీళ్లు తప్ప ఏమీ లేదు. ఈరోజు శనివారం, నేను ఒక్కపొద్దు ఉన్నాను, రేత్రి దీపం పెట్టాకే తినాలి, ఈ సంగతి ఎవరికీ తెలియదు. బెంగళూరు నుంచి క్యాన్సర్ డాక్టరు ఈ ఆసుపత్రికి శనివారమే వస్తారు, మందు శనివారమే ఎక్కుతుంది, శనివారం వెంకటరమణ స్వామిది, మూడూ ఒకచోట కలిసి వచ్చాయంటే అందులో ఏదో ఉందనిపించింది. మందు ఎక్కే రోజు నేను తినకపోతే అమ్మకు వాంతులు తగ్గాలి అని మొక్కుకున్నాను. ఒకసారి తగ్గాయి కూడా. ఇంకోసారి ఇంటికి పోయేదాకా బస్సులోనే వాంతులయ్యాయి, ఆ రోజు పొద్దున పొరపాటున నోట్లో శెనగ్గింజ వేసుకున్నానని గుర్తొచ్చి భయపడిపోయాను. ఇట్లాంటివి పుస్తకంలో ఉండవని నాకు తెలుసు, పదో తరగతి సైన్సులో నాకు మంచి మార్కులే వస్తాయి, కడుపు బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే నేనే ముందు గీస్తాను, లివరుకు గోధుమరంగు పెన్సిల్ వేస్తాను. తెలియడం ఒకటి, ఆకలితో కూర్చుని ఉండడం ఒకటి. ఆకలి వేస్తున్నంతసేపూ నేను కూడా ఏదో చేస్తున్నట్లు ఉంటుంది.

అమ్మ దగ్గరే నేర్చుకున్నాను, ఇంకెక్కడ. అమ్మకు శనివారం ఒక్కపొద్దు ముందు నుంచీ ఉండేది, మా ఊళ్లో చాలామందికి ఉంటుంది. తర్వాత సోమవారం ఈశ్వరుడికి మొదలుపెట్టింది. అవ్వ సంతోషపడింది, కోడలికి భక్తి కుదిరిందని. తర్వాత శుక్రవారం అమ్మవారికి. ఆ తర్వాత గురువారం, ఆదివారం. మంగళవారం సుబ్రహ్మణ్యస్వామికి అన్నప్పుడు నాన్న నవ్వి "బుధవారానికి దేవుడు దొరకలేదా?" అన్నాడు, అమ్మ కూడా నవ్వి "ఎతుకుతా ఉండాను" అంది. ఊళ్లో వాళ్లు అమ్మను పూజలకు పిలిచి ముందు కూర్చోబెట్టేవాళ్లు, అంగాళమ్మ అత్త తన కూతురికి మంచి సంబంధం రావాలని అమ్మ చేత కొబ్బరికాయ కొట్టించింది. నేను పూలు కోసి ఇచ్చేదాన్ని, దీపానికి వత్తులు చేసేదాన్ని, మా అమ్మ అంటే నాకు చాలా గొప్పగా ఉండేది. ఒక్క ముద్ద తింటే కడుపు నిండిపోయి పైకి తన్నుతోందని, మంట పుడుతోందని, తిన్నది రాయిలా కూర్చుంటోందని అమ్మ ఎవరికీ చెప్పలేదు. తినలేని రోజుకు ఒక దేవుడి పేరు పెట్టింది. అట్లా పేరు పెడితే ఎవరూ బలవంతం చేయరు, చేస్తే పాపం. అమ్మ మమ్మల్ని మోసం చేయాలని చేసిందా? లేదు, అమ్మ కూడా నమ్మింది, దేవుడి కోసం మానేస్తే దేవుడే బాగుచేస్తాడని. రేత్రి దీపం పెట్టాక పళ్లెం ముందు కూర్చునేది, సంగటి ముద్దలోంచి కొంచెం తుంచి పళ్లెం చుట్టూ రుద్ది, పులుసు పోసి కలిపి, అందరం లేచాక మిగిలింది తీసుకుపోయి దొడ్లో ఎర్రావుకు పెట్టేది. ఆ ఏడు మా ఎర్రావు బాగా బలిసింది. మేత కుదిరిందని నాన్న అందరికీ చెప్పుకున్నాడు.

రవికలు. అదొక్కటి నేను చూశాను. అమ్మ మధ్యాహ్నాలు వాకిట్లో కూర్చుని రవికలకు పక్కల్లో కుట్లు వేసుకునేది, ఒకసారి వేసిన కుట్టుకు లోపల ఇంకో కుట్టు, దానికి లోపల ఇంకొకటి, దారం రంగు కలవకపోయినా. ఒక్కపొద్దులతో ఒళ్లు తేలికైందని చెప్పేది. చామంతి తోటలో పూలు కోస్తూ కళ్లు తిరిగి పడిపోయిన రోజు, మొక్కల మధ్య పడుకోబెట్టి రవిక వదులు చేయబోయిన అవ్వ ఆ కుట్లన్నీ చూసి, తిరిగి నావైపు చూసింది, నేను అవ్వవైపు చూశాను, అమ్మ మీదంతా పసుపు రేకులు పడి ఉన్నాయి. హోసూరులో గొంతులోంచి గొట్టం పంపి చూశారు. తర్వాత స్కానుకు కృష్ణగిరి పంపారు. సూళగిరి దాటాక రోడ్డు పక్క గుట్టలు చూస్తూ అమ్మ, ఈ రాళ్లు ఎవరో పేర్చినట్లే ఉన్నాయి చూడు పాపా, అంది. స్కాను అయ్యి పెద్ద కవరు చేతికి వచ్చాక నాన్న దాన్ని చంకలో పెట్టుకుని రోడ్డు మీద ఊరికే నిలబడ్డాడు, అందులో ఏముందో చదవడం మా ముగ్గురికీ రాదు, డాక్టరు చదివేదాకా అందులో ఏమీ లేనట్లే. అప్పుడు అమ్మ "డ్యాం చూసి పోదామా, పెండ్లయిన కొత్తలో చూపిస్తానంటివి" అంది. నీళ్లు ఎక్కువ లేవు. గట్టు కింద నూనెలో చేపలు వేపుతున్నారు, ఎర్రగా కారం పట్టించి. ఆ రోజు మంగళవారం. అమ్మ ఒక చిన్న ముక్క అడిగి నోట్లో పెట్టుకుని, ముల్లు తీసి పారేసి, "సుబ్రహ్మణ్యస్వామి ఈ పక్కకు చూడలేదులే" అంది. మేం నవ్వాం. ముక్క సగంలోనే ఆపేసి నాకు ఇచ్చింది. ఆ కారం ఇంకా నా నాలుక మీద ఉంది. అంతసేపూ ఆ కవరు నాన్న చంకలోనే ఉంది, చెమటకు తడిసి.

డాక్టరు అమ్మకు ఎదురుగానే చెప్పారు, నాన్న సైగ చేసినా ఆగలేదు. కడుపులో పుట్టింది, లివరుకు పాకింది, అక్కడ చాలాచోట్ల చుక్కలు ఉన్నాయి, కోసి తీసే దశ కాదు. కన్నడం కలిసిన తెలుగులో మెల్లగా చెప్పారు. అమ్మ కాసేపు ఆలోచించి "పెరికేదానికి కాదు, మందు కొట్టి పాకకుండా పట్టుకునేదానికేనా సార్?" అని అడిగింది, తోట గురించి అడిగినట్లే. అంతేనమ్మా, కొన్నాళ్లు పట్టుకోవచ్చు, అన్నారు డాక్టరు. పట్టుకోవడం అంటే ఏమిటో తర్వాత చూశాం. మందు ఎక్కిన వారమంతా వాంతులు, నోరు పూసి ఉప్పు తగిలితే కళ్లలో నీళ్లు, అరచేతులు కాలినట్లు నల్లబడ్డాయి, జుట్టు దువ్వెనకు రావడం మొదలవగానే అమ్మ గుండు కొట్టించుకుంది, తలనీలాలు ఇచ్చిందని ఊళ్లో అనుకున్నారు, దేవుడి లెక్కలో అమ్మ పేరు మీద ఇంకో పుణ్యం చేరింది. కానీ మంచి రోజులూ వచ్చాయి. రెండోసారి తర్వాత కొన్ని దినాలు అమ్మకు నిజంగా ఆకలి వేసింది. ఒక పూట పొయ్యి దగ్గరకు తనే వచ్చి కూర్చుని ముద్ద అడిగింది, చిన్న ముద్ద, ఆకుకూర పులుసుతో, తుంచి, ముంచి, గొంతులో వేసుకుంది. చిన్నప్పుడు నాకు నేర్పినట్లే. నేను సంగటి నమిలేదాన్ని, పళ్లకు అంటుకుని ఏడ్చేదాన్ని. "నమలద్దు పాపా. తుంచు, ముంచు, మింగు. అది తనంతట తాను పోతాది" అనేది అమ్మ. ఆ పూట అమ్మ గొంతు కదలడాన్ని నేనూ అవ్వా నాన్నా, ముగ్గురం చేతిలో పని ఆపి చూశాం. పళ్లెం నిజంగానే ఖాళీ అయింది. ఆ పళ్లెం కోసమే నాకు ఇంకో మూడుసార్లు కావాలి. ఇప్పుడు తీసిన స్కానులో చుక్కలు తగ్గలేదు, పెరగనూ లేదు. పెరగలేదు కదా. పట్టుకుంది కదా. అమ్మ ఒక్క మాట ఒప్పుకుంటే ఇంకా పట్టుకుంటుంది కదా.

సీసాలో మందు మెడ దగ్గరకు దిగింది. అమ్మ కళ్లు తెరిచి ఉంది, ఎప్పుడు తెరిచిందో, నన్నే చూస్తోంది.

"తింటివా?"

"తిన్యానమ్మా. నువ్వు కండ్లు మూసుకున్నప్పుడు."

"ఏం తింటివి?"

"ముద్ద. పితికిపప్పు."

అమ్మ మంచం అంచు నుంచి చెయ్యి కిందికి జార్చి, వేళ్లతో తడిమి, చున్నీ కింద ఉన్న క్యారియర్ పిడి పట్టుకుని కొంచెం ఎత్తి చూసింది. సూది లేని చెయ్యి. నల్లబడిన చెయ్యి. ఎత్తి, బరువు చూసి, మళ్లీ కింద పెట్టింది.

"ఎవురికే చెప్తా ఉండావు?" అంది. కోపం లేదు. "పెదాలు చూడు, ఎండి పేలాలైపోయినాయి. తలుపుకాడికి పోయి నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, తిన్నట్ల వస్తావు. పోయిన తూరీ అదే చేస్తివి. నాకు తెల్దా? నేను ఎన్నేండ్లు చేసినాను ఆ పని." ఆయాసం తీర్చుకుంది. "ఏ దేవునికి?"

నేను చున్నీని మళ్లీ క్యారియర్ మీద కప్పాను.

"శనివారం. అడిగేదేముందిలే." అమ్మ నవ్వబోయింది, పెదవి మీద పుండు పగిలి ఆగిపోయింది. "పాపా, కడుపు మాడ్చుకుంటే ఆయప్పకేం వస్తాది చెప్పు? నేను వారమంతా మాడ్చినాను. అప్పుడే నోరు తెరిచి నొప్పి అనింటే ఏమైయ్యేదో. ఇంట్లో ఇంకొకరు ఆ పని మొదలుపెడితే నేను చూడలేను." అని పైకి, సీసా వైపు చూసింది. "సరే, ఒక పని చేద్దాం. నువ్వు ఇప్పుడు నా ఎదురుగా తిను. ఇంకెప్పుడూ ఒక్కపొద్దులు పెట్టుకోనని చెప్పు. నేను ఇంకా మూడు తూర్లు వస్తాను. డాక్టరుతో అట్లే చెప్తాను. సరేనా?"

పొద్దున్నుంచీ, కాదు, పోయినసారి నుంచీ, ఆ కిటికీ కడ్డీకి నేను చెప్పుకున్నది ఇదే. అమ్మే నా చేతికి ఇస్తోంది. సరే అంటే చాలు. రెండక్షరాలు, గట్టిగా పలకనక్కర లేదు, తల ఊపినా చాలు. ఇంకో మూడుసార్లంటే ఉగాది దాటుతుంది, నా పరీక్షలు అయిపోతాయి, చామంతి పోయి కొత్త నారు వేస్తారు, మధ్యలో ఎక్కడో ఒక పూట అమ్మ పొయ్యి దగ్గరకు వచ్చి ముద్ద అడుగుతుంది. లేదా అడగదు. పోయినసారి అడగలేదు. పోయినసారి అన్నీ ఇనుము నాకినట్లు ఉన్నాయంది, నీళ్లు కూడా, అవ్వ ఏరి ఏరి తెచ్చిన లేత అనపకాయలు కూడా, రుచి తెలియకుండా తినడం ఎందుకే, వేరేవాళ్ల నోటితో తిన్నట్లుంది, అంది. మెల్లగా అంది కాబట్టి ఎవరూ వినలేదు, నేను విన్నాను, విని వత్తులు చేసుకుంటూ కూర్చున్నాను. నేను తినడం కోసం అమ్మ సూది పెట్టించుకుంటే, అది కూడా ఒక్కపొద్దే కదా. అమ్మ ఇన్నాళ్లూ దేవుళ్లకు ఉన్న ఒక్కపొద్దు, ఇప్పుడు నాకు ఉంటుంది. వారంలో ఖాళీగా ఉన్న బుధవారానికి దేవుడు దొరికాడు, అది నేనే.

"బేరం వద్దమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఊరికే తింటాను."

"నేను రాకున్నా?"

"రాకున్నా తింటాను."

అమ్మ కంటి చివర్లోంచి నీళ్లు జారి చెవిలోకి పోయాయి, తుడుచుకోలేదు, ఒక చేతికి సూది ఉంది, ఇంకో చెయ్యి నా మోకాలి మీద ఉంది. "అయితే తీయి" అంది. "మూత తీయి. నాకు తిప్పదులే. తిప్పినా నువ్వు తిను." నేను మంచం కిందికి వంగి చున్నీ తీసి, క్యారియర్ పైకి తెచ్చి, మూత తీశాను. వాసన ఒక్కసారిగా వార్డంతా నిండింది, పక్క మంచం ముసలాయన తల తిప్పి చూశాడు. అమ్మ ముక్కుపుటాలు కదిలాయి. వాంతి వస్తుందేమోనని గిన్నె అందుకోబోయాను. అమ్మ వద్దని వేలు కదిపింది. "అవ్వ ఇంగువ ఎక్కువేసినట్లుందే" అంది, కళ్లు మూసుకుని, ఇంకోసారి ఊపిరి పీల్చి. "ఈ వాసనే పాపా. ఇది నోట్లో కూడా తెలిస్తే చాలు నాకు. ఉన్నన్ని దినాలు."

అప్పుడు నాకు తెలిసిపోయింది, అమ్మ ఏం చెప్పబోతోందో. చెప్పకముందే తెలిసింది. సంగటి చల్లారి గట్టిపడింది. ఒక తునక తుంచి, పప్పులో ముంచి, నోట్లో పెట్టుకున్నాను. అప్పుడే డాక్టరు లోపలికి వచ్చారు, వెనకే హేమావతి సిస్టరు, సీసా చూసి గొట్టానికున్న చక్రం తిప్పి బిగించింది. డాక్టరు ఫైలు తెరవకుండానే అమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని "ఏమనుకున్నారమ్మా ఇంట్లో?" అని అడిగారు.

"చాలు సార్" అంది అమ్మ. "ఇంతటితో చాలు. పట్టుకున్నన్నాళ్లు మీరు బాగా పట్టుకున్నారు. ఇంటికాడ నొప్పి తెలీకుండా ఉండేదానికి ఏముందో అది రాసియ్యండి. దానికి మళ్లా వస్తాను, సూదికి రాను."

డాక్టరు తల ఊపి, నొప్పికి మందులున్నాయి, నేను చూసుకుంటాను, అన్నారు. తర్వాత గుమ్మం వైపు చూశారు, అక్కడ నాన్న నిలబడి ఉన్నాడు, ఖాళీ గోతాం మడిచి భుజం మీద వేసుకుని, ఎంతసేపటి నుంచో. లోపలికి రాలేదు, పోనూ లేదు. చౌకట్టును పట్టుకున్న వేళ్లకు చామంతి పసుపు అంటి ఉంది. "మీ ఆయనకు నేను చెప్పుకుంటాను సార్" అంది అమ్మ, అటు చూడకుండానే. తప్పుగా అన్నానని తెలిసి నాలుక కరుచుకుని, "మా ఆయనకు" అంది, సిస్టరు నవ్వు ఆపుకుంది, నాన్న కూడా ఆ చౌకట్టు దగ్గరే, ఏడుస్తున్న మొహంతోనే, నవ్వాడు.

"పాప ఏమంటుంది?" డాక్టరు నా వైపు తిరిగారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"అడగండి సార్" అంది అమ్మ. "నోట్లో ముద్ద ఉంది. మింగినాక చెప్తాది."

అందరూ ఆగారు. సీసా, గొట్టం, నాన్న, పక్క మంచం ముసలాయన, అందరూ. నాలుక మీద ఉప్పు, ఇంగువ, పితికిపప్పు తియ్యదనం, అన్నీ తెలుస్తున్నాయి, ఒక్కొక్కటీ విడివిడిగా, అమ్మకు కూడా తెలియాలి, ఉన్నన్ని దినాలు. నేను నమలలేదు. అది తనంతట తాను పోలేదు. మింగాను.

"అమ్మ చెప్పిందే సార్" అన్నాను, గట్టిగానే, వార్డు అవతలి వాళ్లకు కూడా వినపడేట్లు. అమ్మ చెయ్యి నా మోకాలి మీద ఉంది. నేను రెండో తునక తుంచాను.